తెల్ల డబ్బాలల్ల పుస్తెలు

జర ముందుకు జరిగి కూసోన్రి. చాప పరిచే ఉన్నది, గోడకు ఒరగబుద్ధయితే ఒరగున్రి. నేను చెప్పేది దేవుళ్ల కత కాదు, రాజుల కత కాదు. మందు గోలీల కంపెనీల నౌకరి ముచ్చట. గోలీ మీ ఇంటికొచ్చే ముందు ఎంతమంది చేతులు దాటి వస్తదో, ఆ చేతుల గాజులు ఏడ వోతయో చాన మందికి తెల్వది. అందుకే చెప్తున్న.

రెండువేల ఎనిమిది, మిరుగు కార్తె దాటిన వారం. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల ఒక కంపెనీ, పేరు మనకెందుకు, నన్ను ఆడోళ్ల చేంజ్ రూంకు ఇంచార్జిగ ఏసిన్రు. అప్పటికి ఆడ నాకు పదమూడేండ్ల సర్వీసు. మాది ఉప్పల్ పాత ఊరు. మా మామ ఎవుసం చేసిన చెల్కలు ప్లాట్లయినంక నేను ప్యాకింగుల చేరిన. ఐదో తరగతి దాంక చదివిన. తెలుగు రాస్త, చదువుత. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం మనుషుల మొకాలు గుర్తువట్టినట్టు గుర్తువడత, అంతే.

గోలీల కంపెనీల అందరికన్న కింద హెల్పరు. ఆ మీద మిషిని నడిపే ఆపరేటరు, ఆ మీద లైన్ సూపర్‌వైజరు. వీళ్లందరికీ పక్కకెళ్లి క్యూఏ అని ఇంకో డిపార్టుమెంటు ఉంటది. మాలు సక్కగున్నదా లేదా, పని రాసి పెట్టినట్టే జరుగుతున్నదా లేదా చూసుడు వాళ్ల పని. వాళ్లు ఆగుమంటే మేనేజరైనా ఆగాలె. చేంజ్ రూం ఇంచార్జి ఈ మెట్లల్ల ఏడ నిలవడతదో నాకు ఇప్పటికీ తెల్వది. మేనేజరుకు నేను హెల్పరును. లోపలికి పోయే ఆడోళ్లకు మాత్రం నేను గేటు.

ఆ అర్రల పని గిట్ల ఉంటది. బయటి చెప్పులు మొదటి తలుపు కాడనే ఇడవాలె. నడుమ అడ్డంగ ఒక ఉక్కు బెంచి ఉంటది. దాని మీద కూసోని రెండు కాళ్లు ఎత్తి అవతలికి తిప్పాలె, అవతల కంపెనీ బూట్లు తొడగాలె. బయటి దుమ్ము బెంచి ఇవతలనే ఆగాలె, అదీ లెక్క. ఆనక నెట్టు టోపీ, మూతికి మాస్కు, మోచేతుల దాంక సబ్బు, చివరకు స్పిరిట్టు. అప్పటిదాంక మా ఆడోళ్లు చీర మీదనే తెల్ల కోటు తొడుక్కొని పోయేది. ఆ ఏడు రూలు మారింది. ఏడనో ఒక గోలీల పట్టీల నల్లపూస కనవడ్డదట. విదేశాల సంది ఆడిటర్లు వస్తున్నరని, చీర ఇడిసి ప్యాంటు షర్టు ఎయ్యాలన్నరు. గాజులు, మెట్టెలు, కమ్మలు, పుస్తెలు, పెయి మీద ఏదీ ఉండొద్దన్నరు.

క్యూఏ మేడం క్యాంటీన్ల నిలవడి ఈ మాట చెప్పింది. చిన్న పిల్ల, కోస్తా దిక్కు నుంచి వచ్చింది, కొత్త.

"గాజులు తీస్తున్నారు కదా, ఇదీ అంతే అనుకోండి" అన్నది.

"నీకు పెండ్లి గాలే గద మేడం. అయినంక వచ్చి చెప్పు, ఇంటం" అన్నది ఎనుక బల్ల మీదికెళ్లి ఒకామె. అందరు నవ్విన్రు. నవ్వు అయిపోయినంక ఎవ్వరు లేవలే.

పుస్తెలు ఎప్పుడన్న తియ్యవలసి వస్తే మెడ ఉత్తగ ఉంచొద్దు, పసుపుకొమ్ము కట్టుకోవాలె, అది మా పద్ధతి. అదే అడిగిన్రు. పసుపు అసలే వద్దన్నది మేడం, తెల్ల గోలీకి మరక అంటుతదట. పోనీ ఉత్త దారమన్న కట్టుకుంటమంటే, దారం పోగులు రాలుతయన్నది. అట్ల కాదు, ఇట్ల కాదు, మరి ఎట్ల అని అందరు నా దిక్కు చూస్తరు, నేను మేడం దిక్కు చూస్త, మేడం చేతిల కాయితం దిక్కు చూస్తది.

తొవ్వ చూపెట్టింది రేణుక. ఆమెది జనగామ దిక్కు ఊరు, పెనిమిటి ఇంజనీరింగ్ కంపెనీల లేతు మిషిని నడుపుతడు, మల్లాపూర్ల కిరాయి ఇల్లు. గోలీలు పట్టీలల్ల పడే మిషిని కాడ ఆమెకన్న చేతి ఒడుపున్న మనిషి లేదు. "మెడలనే గద వద్దన్నరు. ప్యాంటు నాడకు ఒక ముడి ఎక్కువ ఎయ్యున్రి. మొగని పేరు తలుసుకొని ఎయ్యున్రి. అదే పుస్తె అనుకోన్రి" అన్నది. ఆ దినం సంది ముప్పైనాలుగు మంది ఆడోళ్లు నాడకు రెండు ముళ్లేసుకొని లోపలికి పోయిన్రు. ఈ సంగతి ఏ ఆడిటరుకూ తెల్వది.

మరి తీసిన పుస్తెలు ఎవరి కాడ పెట్టాలె? లాకర్లున్నయి గని ఒక తాళంచెవి నాలుగు లాకర్లకు పడుతది. అందరు మాట్లాడుకొని నా కాడ పెట్టాలన్నరు. మా ఆయన పోయి అప్పటికి ఆరేండ్లు. "బాలమణక్క మెడల పుస్తెలు లేవు, ఆమెవి మనవాటిల కలుస్తయన్న ఫికర్ లేదు" అన్నది ఒకామె నవ్వుకుంట. ఆమె ఇంట్ల శుభకార్యమైతే బొట్టు పెట్ట నన్ను పిలువదు. అదే మనిషి రోజూ పొద్దుగాల పుస్తెలు తీసి నా చేతిల పెట్టేది. ఇదేం లెక్కనో ఒకట్రెండు సార్లు ఆలోచించిన, తెగలే, ఇడిసిపెట్టిన.

గోలీలు పోసే తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు కొన్ని సొట్టవోయి పక్కకు పెడుతరు. అవే కడిగి, మనిషికొకటి ఇచ్చి, మీద నల్ల మార్కరు పెన్నుతోని వాళ్ల టోకెను నంబరు రాసిన. ముప్పైనాలుగు డబ్బాలు, ఒక చెక్క అర. నా కాడ ఒక రిజిస్టరు ఉండె. పేరు, టైము, ఆరోగ్యం, గోర్లు, ఆభరణాలు. ఆఖరు గడిల రోజూ 'నిల్' అని రాయాలె. లోపలికి ఏం ఏసుకోకుండనే పోతున్నరు గద అన్నది మేడం. కాయితం ప్రకారం చూస్తే ఆ అర్రల పుస్తెలనేటివే లేవు.

ఆడిట్ దినం వచ్చింది. చేంజ్ రూంల ఉన్న ప్రతి వస్తువు స్పిరిట్టు బట్టతోని తుడువుమన్నరు. నేను బెంచి తుడిసిన, అద్దం తుడిసిన, ఒక్కో డబ్బా తీసి తుడిసిన. అన్ని డబ్బాలైనంక బట్ట చూస్తే నల్లగున్నది. స్పిరిట్టుకు మార్కరు సిరా కరిగి పోయింది. ముప్పైనాలుగు డబ్బాలు తెల్లగ, ఒకటే తీరు.

భయపడలే. వరసగనే ఒక ట్రేల పెట్టిన, వరస నాకు నోటికి వస్తది. గంతల లైన్ సూపర్‌వైజరు వచ్చి, ఈ డబ్బాలు ఆడిటరు కండ్లవడొద్దు అనుకుంట ట్రే ఎత్తుకపోయి చీపుర్ల అర్రల పెట్టిండు. పెట్టేటప్పుడు ట్రే ఒరిగింది. వరస పోయింది.

పొద్దుమీకి షిఫ్టు ఇడిసే ముందు ఆ అర్రల కూసోని ఒక్కో మూత తీసి చూసిన. ఎవరి తాడు ఎట్లుంటదో నాకు తెలుసు. గొలుసుకున్నది ఒకామెది, ఎర్ర పగడమున్నది ఇంకొకామెది, ఒక గుండు రాలిపోయి దారం చుట్టింది మరొకామెది. ముప్పైరెండు డబ్బాలు అట్ల గుర్తువట్టిన. రెండు మిగిలినయి. ఒకటి రేణుకది, ఇంకోటి భాగ్యది. భాగ్యది ఆలేరు దిక్కు, పెనిమిటి నాచారంలనే బండల కోత కాడ పని. రేణుక, భాగ్య పక్కపక్క మిషిన్ల మీద చేస్తరు, ఒకటే బస్సు ఎక్కుతరు. ఇద్దరి ఇండ్లళ్ల ఒకటే తీరు పుస్తెలు. తాళ్లు నల్లబడ్డయని ఇద్దరు కలిసి పోయి మొన్ననే ఒకటే దుక్నంల కొత్త పసుపు తాళ్లు తెచ్చుకొని మార్చుకున్నరు. రెండు చేతులల్ల పట్టుకొని చూసిన. ఎంత చూసినా రెండూ ఒకటే. అవుతల బస్సు హారను కొడుతున్నది. ఇది రేణుకది అనుకొని రేణుకకు ఇచ్చిన, ఇంకోటి భాగ్యకు ఇచ్చిన.

అనుమానం ఉన్నదని ఇద్దరికి ఒక్క మాట చెప్తే అయిపోవు. చెప్పలే. నా యాది మీద నాకు అంత నమ్మకం.

పదకొండో దినం పొద్దుగాల భాగ్య అందరికన్న ముందు వచ్చింది. బెంచి మీద కూసోలే, నిలవడ్డది.

"అక్క, ఇది నాది కాదు" అన్నది. పుస్తె తిప్పి చూపెట్టింది. అంచు మీద చిన్న సొట్ట. అందుల పసుపు ఇరికి గట్టిపడ్డది, అందుకే ఇన్ని దినాలు కనవడలే. తలకు పోసుకున్నప్పుడు పసుపు నాని ఊడింది. "రేణుక కొడుకు పాలు తాగుకుంట కొరికిన సొట్ట ఇది. ఆమెనే నాకు చూపెట్టి నవ్వింది ఒకపారి. పదకొండు దినాలు ఇంకొకామె మొగని పుస్తె నా మెడల ఏసుకొని తిరుగుతున్ననా అక్క?"

మాట బయటికి పోవద్దని తలుపు దగ్గరేసిన. ఎందుకంటే రేణుక వారం సంది డ్యూటీకి వస్తలేదు. ఆమె పెనిమిటికి పసిరికలు, అంటే పచ్చకామెర్లు, ముదిరి సర్కారు దవాఖానాల పండిండు, మాట తడబడుతున్నదని అప్పటికే కబురు వచ్చింది. అత్త ఊరికెళ్లి వచ్చి కూసున్నది. "కంపెనీ కోసం పుస్తెలు తీస్తివి, అందుకే నా కొడుకు మంచమెక్కె" అని వార్డుల అందరు వినంగ అంటున్నదట. తీసుడే కాదు, మారినయి గూడ అని ఆమె చెవుల పడితే, ఆ మనిషి బతికినా, బతకకున్నా, రేణుక నెత్తి మీద ఆ మాట ఆమె జన్మంత ఉంటది.

చెప్పాల్నా, చెప్పొద్దా? చెప్పకుండ డబ్బాలు మార్చి పెడుదమంటే రేణుకనే వస్తలేదు. మొగడు సావు బతుకుల మీద ఉన్నప్పుడు మెడలది తియ్యుమని ఏ నోటితోని అడుగుతం?

ముందుగాల మేడం దగ్గరికి పోయిన. పని రూలు తప్పితే డీవియేషన్ అని ఒక కాయితం రాస్తరు, అది రాయాలన్న.

"బ్యాచ్‌కి ఏమైనా అయ్యిందా?" అని అడిగింది.

"లేదు మేడం."

"గోలీల్లో ఏమైనా కలిసిందా?"

"లేదు."

"మరి ఏమని రాయను బాలమణిగారూ? రిజిస్టర్‌లో నిల్ అనే ఉంది. లేని వస్తువు ఎలా మారింది అంటారు?" అన్నది. కోపంగ కాదు, నిజంగనే అడిగింది. పెన్ను మూత పెట్టి, గొంతు తగ్గించి, "ఇప్పుడు వాళ్లేం చేస్తారు?" అన్నది. రేణుకకు నేనే చెప్పాలె, దవాఖానాకు పోతమన్న. ఇద్దరికి ఒక పూట సెలవు రాసిచ్చింది.

భాగ్య, నేను బస్సెక్కి పోయినం. తొవ్వ పొడుగునా భాగ్య ఒక్కటే మాట. "నాది నాకు కావాలె అక్క. ఆమె మీద నాకు కోపం లేదు, గని నాది నాకు కావాలె."

వార్డు బయట రేణుక అత్త కూసోని ఉన్నది. నన్ను కింది నుంచి మీది దాంక చూసింది. "నువ్వేనా పుస్తెలు దాచిపెట్టే ఆమె?" అన్నది. అవునన్న. "దాయ పెట్టనీకి నీ చెయ్యే దొరికిందా వాళ్లకు" అన్నది. నా మెడ దిక్కు చూసే అన్నది. నేను పక్కకు జరిగి నిలవడ్డ. ఆమె కొడుకు లోపల పండి ఉన్నడు.

రేణుక అంబలి గిన్నె కడుగతందుకు నల్ల కాడికి వచ్చింది. చెంపలు గుంతలువడి, వారం దినాలల్ల పదేండ్లు మీదవడ్డట్టు ఉన్నది. అత్తకు వినరాకుండ నా తప్పు అంత చెప్పిన. స్పిరిట్టు, సిరా, ట్రే, నా అనుమానం. చెప్తుంటే గిన్నె కడుగుడు ఆపలే.

"ఎరికే అక్క" అన్నది.

"ఏం ఎరిక?"

"మారిన సంగతి. రెండో దినమే ఎరిక. తానం చేసేటప్పుడు తడిమితే సొట్ట లేదు."

భాగ్య ముందుకొచ్చింది. "ఎరికై గూడ గమ్మునున్నవానే?"

"అప్పటికే మా ఆయన కండ్లు పచ్చవడ్డయి" అన్నది రేణుక. "మీ ఆయన బండలెత్తే మనిషి. ఏనాడు జరం రాదు, ఒక గోలీ మింగలేదు అని నువ్వే చెప్తవు గద. ఆ గట్టితనం ఎంతో కొంత ఇటు వస్తదేమో అనుకున్న."

"మరి నీ మొగని జబ్బు నా మొగనికి వస్తే?"

రేణుక నల్ల బందు చేసింది. "అది గూడ అనుకున్న" అన్నది.

"అనుకొని?"

"తియ్యబుద్ధి కాలే."

భాగ్య చెయ్యి లేపింది. కొడుతదేమో అనుకొని నడుమకు పోయిన. కొట్టలే. ఆ చేతితోనే తన మెడల ఉన్నదాన్ని పట్టుకున్నది. నల్ల పక్కన మెట్ల మీద కూసున్నది.

"అక్క, నాకు సమజైతలేదు" అన్నది నాతోని. "ఈమెది నా మెడల పదకొండు దినాలుంటే మా ఆయనకు తుమ్ము గూడ రాలే. నాది ఈమె మెడల ఉంటే ఈమె పెనిమిటి ఎక్కువై దవాఖానాలకు వచ్చిండు. మరి ఇది కాపాడేది ఎవర్ని? ఏం జేస్తది ఇది?"

"గట్ల కాదు" అన్నది రేణుక. "ఇయ్యాల పొద్దుగాల డాక్టరు చెప్పిండు, తగ్గుముఖం పట్టిందని. మాట సక్కగ వస్తున్నది. మా అత్త మొక్కుతోని తగ్గిందంటది. డాక్టరు సీసాలతోని తగ్గిందంటడు. నేనేమో ఇది అనుకుంటున్న." పుస్తెలు గుప్పిట్ల పట్టుకున్నది. "నీది నీకు ఇయ్యనంటే నా నోట్ల మన్ను వడ. ఇప్పుడే తీస్త. గని తీసినంక ఆయనకు మల్ల ఎక్కువైతే, నేను నిన్ను అంటనో, నన్ను అనుకుంటనో తెల్వది."

"నువ్వు చెప్పక్క" అన్నది భాగ్య.

చేంజ్ రూంల నిలవడి లోపలికి ఎవరు పోవాలె, ఎవరు పోవద్దు అని వెయ్యిసార్లు చెప్పిన నోరు నాది. ఆ మెట్ల మీద ఆ నోటితోనే "నాకూ తెల్వదు బిడ్డ" అన్న.

భాగ్య లేచి చీర దులుపుకున్నది. "మీ ఆయన ఇంటికొచ్చేదాంక ఉంచుకో. ఇంటికొచ్చిన తెల్లారి మాత్రం ఒక్క పూట ఆగ. మీ అత్తకు చెప్పకు, మా ఆయనకు నేను చెప్ప" అన్నది.

ఆ తర్వాత తొమ్మిది దినాలు భాగ్య ఎరికతోని ఆ సొట్ట పుస్తె ఏసుకున్నది. అన్నం బెల్లు కొట్టంగనే గేటు అవతల రూపాయి ఫోను కాడికి ఉరికేది. బండల కోత ఓనరు ఫోనుకు కొట్టి, మొగణ్ణి పిలిపించి, తిన్నవా, పెయి ఎచ్చగున్నదా అని అడిగేది. ఒకనాడు నేను పక్కనే ఉన్న, ఆయన గొంతు బయటికే వినవడ్డది. "ఏందే, పన్నెండేండ్ల సంది లేని ప్రేమ, లేని పావురం ఇప్పుడే పొంగుతున్నది? ఓనరు నవ్వుతుండు, పెట్టెయ్."

రేణుక పెనిమిటి ఇంటికొచ్చిండు. అత్త మొక్కు తీర్చుకొని ఊరికి పోయింది. రేణుక డ్యూటీకి వచ్చిన దినం భాగ్య నా అర్రల ముందుగాలనే కూసోని ఉన్నది. ఇద్దరు తల మీదికెళ్లి తాళ్లు తీసిన్రు. చేతులు మార్చుకున్నరు. భాగ్య తనది కండ్లకద్దుకొని ఏసుకున్నది. రేణుక సొట్టను బొటనవేలితోని తడిమి చూసుకొని ఏసుకున్నది. ఇద్దరు ఒకరి మొకం ఒకరు చూసుకోలే. ఐదు నిమిషాలైందో లేదో షిఫ్టు సైరను కొట్టింది. ఏసుకున్నయి మల్ల తీసి, డబ్బాలల్ల పెట్టి, నా చేతికిచ్చి, నాడకు రెండో ముడి ఏసుకొని బెంచి దాటి పోయిన్రు.

నెల దినాలు ఇద్దరు పక్కపక్క మిషిన్ల మీదనే పని చేసిన్రు, మాట లేదు. ఒకనాడు భాగ్య మిషిని ఆగితే రేణుక వచ్చి ఇరికిన పట్టీ తీసిచ్చింది. "జర మెల్లగ, ఏలు పోతది" అన్నది భాగ్య. అక్కడి సంది మల్ల ఒకటే బస్సు.

నేను పొయ్యి మీద దబ్బనం కాల్చి ముప్పైనాలుగు మూతల మీద, ముప్పైనాలుగు డబ్బాల మీద నంబర్లు చెక్కిన. రిజిస్టరు ఎనుక నా కోసమని తెలుగుల ఇంకో గడి గీసుకున్న, ఇచ్చినప్పుడు ఒక సంతకం, తీసుకున్నప్పుడు ఒక సంతకం. మేడం చూసింది, వద్దనలే. క్యాంటీన్ల అందరి ముందు నిలవడి, ఆడిట్ దినం నంబర్లు పోయినయి, ఎవరిది వాళ్లు చూసుకోన్రి అని గూడ చెప్పిన. పేర్లు చెప్పలే. వారం దినాలు ఆ కంపెనీల ప్రతి ఆడిది మెడ తడుముకుంటనే ఉన్నది.

రాష్ట్రం వచ్చిన ఏడు నేను రిటైరైన. ఆ నౌకరిల నేను నేర్చుకున్నది ఇంతే. మనిషి మీదికెళ్లి ఒకటి తియ్యుమని రూలు రాసేటోళ్లు, తీసినదాన్ని ఎవరు దాయాలె, ఎట్ల తిరిగియ్యాలె అనేది గూడ ఆ కాయితం మీదనే రాయాలె. రాయకపోతే ఆ బరువు అందరికన్న కింది మనిషి చేతిల పడతది. ఆ మనిషికి అనుమానం వస్తే అప్పుడే నోరు తెరిచి చెప్పాలె, తన యాది మీద నమ్మకం పెట్టుకోవద్దు. పుస్తె ఏం చేస్తది అని భాగ్య అడిగినదానికి మాత్రం నా కాడ ఇప్పటికీ జవాబు లేదు.

ఇంతసేపు కూసోని ఇన్నరు. మీ ఇంట్ల దీపం మంచిగ ఎలుగాలె, మీ ఇంటోళ్ల పెయిల నలత లేకుండ ఉండాలె, మీ వాకిట్ల నుంచి పనికి పోయిన ప్రతి మనిషి పొద్దుమీకే ఏళకు నవ్వుకుంట ఇంటికి చేరాలె.